పది చేతుల బొంత

చిక్కసూగూరు, దేవసూగూరు, శక్తినగర్ వైపు వింటున్న అక్కయ్యలకూ, కృష్ణ అవతల మక్తల్ వైపు వింటున్న చెల్లెళ్ళకూ ఈ ప్రసంగం. సూదిలో దారం ఎక్కించడం కూడా రానివాళ్ళు పదిమంది కలిసి కూర్చుంటే ఏం కుట్టవచ్చో ఈ రోజు చెప్పుకుందాం.

మన సంఘాల్లో తరచుగా జరిగేది ఒకటుంది. ఇటు స్త్రీశక్తి సంఘం కావచ్చు, అటు పొదుపు సంఘం కావచ్చు, కుట్టు నేర్చుకుందామనగానే మొదట మిషను కొంటారు, మొదటి రోజే జాకెట్టు మొదలుపెడతారు. జాకెట్టు చూడటానికి చిన్నదే, కానీ కుట్టుపనిలో అంత చిక్కుది మరొకటి లేదు. చంక దగ్గర వంపు, ఛాతీ దగ్గర కొలత, చేతులు అతికించడం, ఇవన్నీ చేయి తిరిగిన దర్జీకే పరీక్ష. మూడో వారానికి సగం మంది రావడం మానేస్తారు. మిషను మీద దుప్పటి కప్పేస్తారు. తప్పు ఆడవాళ్ళది కాదు, మొదలుపెట్టిన వస్తువుది.

అందుచేత మిషను ప్రస్తావన ప్రస్తుతానికి పక్కన పెడదాం. కొలతలు తప్పినా పాడుకాని వస్తువులతో మొదలుపెడదాం.

మొదటిది చేతి సంచి. 34 అంగుళాల పొడవు, 15 అంగుళాల వెడల్పు ఉన్న గట్టి నూలు గుడ్డ చాలు. రెండు కొసల దగ్గరా ముందు అర అంగుళం, దాని మీద మరో అంగుళం మడిచి కుట్టాలి. ఇది సంచి మూతి అవుతుంది. తర్వాత గుడ్డను లోపలి వైపు బయటికి వచ్చేలా మధ్యకు మడిచి, రెండు పక్కలా అర అంగుళం వదిలి కుట్టి తిరగేస్తే 14 అంగుళాల వెడల్పు సంచి తయారు. పక్క కుట్లకు సూదిని ఒక అడుగు వెనక్కి వేసి, రెండు అడుగులు ముందుకు తీయాలి. దర్జీలు దీన్ని బఖియా అంటారు. ఒకచోట దారం తెగినా కుట్టంతా జారిపోదు. చేతిపట్టీలకు 22 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు ముక్కలు రెండు తీసుకుని, నాలుగు మడతలు వేసి కుట్టాలి. పట్టీ అతికిన చోట చదరంగా కుట్టి, మధ్యలో అడ్డంగా ఐమూలగా రెండు కుట్లు వేయాలి. సంచి ఎప్పుడు చిరిగినా అక్కడే చిరుగుతుంది. మూడు కిలోల జొన్నలు పోసి రాత్రంతా కొక్కేనికి తగిలించండి. పొద్దుటికి పట్టీ నిలిస్తే ఆ అమ్మాయి రెండో పనికి సిద్ధమన్నట్టే.

2020లో కరోనా వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక మూడు చోట్లా సంఘాల ఆడవాళ్ళు మాస్కులు కుట్టి ఇచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అది కూడా తిన్నని అంచులున్న పనే.

రెండోది బొంత. కన్నడంలో కౌది అంటారు. మన పెద్దవాళ్ళు పాత చీరలు పారేసేవారు కారు. నలుగురు అరుగు మీద చేరి కుట్టేవారు. ఇప్పుడు చౌకగా దొరికే పాలియెస్టరు రగ్గులు వచ్చి ఆ పని వెనకబడింది. కానీ మన ఎండల ఊళ్ళో చెమట పీల్చేది నూలే. పసిపిల్లల కింద పరచడానికి మెత్తబడ్డ నేతచీరను మించింది నాకు కనబడలేదు.

ఎనిమిది మంది ఉన్నారనుకోండి. 10 అంగుళాల చదరపు అట్ట ముక్క ఒకటి కత్తిరించి, అందరూ దాన్నే కొలతగా పెట్టుకోవాలి. ఒక్కొక్కరు ఆరు ముక్కలు కత్తిరించి, అర అంగుళం వదిలి వరసగా కలపాలి. ఎనిమిది వరసలు ఒకదానికొకటి కలిపితే నాలుగున్నర అడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు పైభాగం వస్తుంది. అడుగు భాగానికి ఒక చీర నుంచి ఆరున్నర అడుగుల ముక్కలు రెండు తీసి పక్కపక్కన అతికించి, పైభాగం కన్నా అన్ని వైపులా రెండేసి అంగుళాలు ఎక్కువ ఉండేలా కత్తిరించాలి. నడుమ మరో పాత చీర పొర.

ఒక జాగ్రత్త ఉంది. నూలూ పాలియెస్టరూ కలపకండి. ఉతికినప్పుడు నూలు కుంచించుకుంటుంది, పాలియెస్టరు కుంచించుకోదు, బొంత ముడతలు పడుతుంది. కొత్త గుడ్డయితే ముందుగా నానబెట్టి ఉతకాలి. ఎర్ర గుడ్డ రంగు విడుస్తుందేమో విడిగా చూసుకోవాలి.

మూడు పొరలూ నేల మీద పరచి, మూలల్లో రాళ్ళు పెట్టి, మధ్య నుంచి అంచులకు పెద్ద పెద్ద కచ్చాకుట్లు వేయాలి. తర్వాత పక్కకు ఇద్దరు చొప్పున కూర్చుని, సూదిని పైకీ కిందికీ పోనిస్తూ, వరసకూ వరసకూ రెండు వేళ్ళ దూరంలో కుట్టుకుంటూ పోవాలి. మధ్య నుంచి మొదలుపెడితే ముడత బయటికి జరిగిపోతుంది. ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీ స్త్రీలు కవంది అనే బొంతను మూల నుంచి మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ లోపలికి కుడతారు. మూలల్లో మడిచిన చిన్న ముక్కలు పెడతారు. వాటిని వాళ్ళు ఫూలా, అంటే పువ్వు అంటారు. ఆ పద్ధతి అందమైనదే, అయితే చేయి కుదిరాక చేపట్టాలి. చివర అడుగు గుడ్డ అంచును పైకి మడిచి కుట్టేస్తే బొంత పూర్తి.

అసలు చిక్కు ఇక్కడే. ఎనిమిది మంది కుట్టిన బొంత ఎవరిది? ఇది ముందే తేల్చుకోకపోతే సంఘం కుట్లు ఊడతాయి. నా సలహా చీటీ పద్ధతి. ఎనిమిది మందికి ఎనిమిది బొంతలు, ఒక్కొక్కసారి ఒక్కొక్కరి వంతు. ఎవరి వంతయితే వాళ్ళు చీరలూ దారమూ తెచ్చుకోవాలి. నిండు నెలల అమ్మాయి ఎవరైనా ఉంటే మొదటి బొంత చీటీ లేకుండా ఆమెకే. మిగతావి చీటీలు తీయాలి. తన బొంత చేతికి రాగానే రావడం మానేసేవాళ్ళు ఉంటారు, మనుషులం కదా. అందుకని ప్రతివాళ్ళూ మొదట్లోనే కొంత సొమ్ము సంఘంలో ఉంచి, ఎనిమిదో బొంత అయ్యాకే తిరిగి తీసుకునేలా రాసుకోండి. అన్నిటికన్నా చివరి చీటీ వచ్చిన ఆవిడకు ధైర్యం కావాలి. ఆవిడకు చీరలు తగ్గితే మిగతావాళ్ళు తలా ఒక ముక్క ఇవ్వాలి. అమ్మకం సంగతి ఆ తర్వాత.

కూర్చునేటప్పుడు వెలుతురు ఎడమ భుజం మీదుగా పడేలా చూసుకోండి, ఎడమచేతి వాటం వాళ్ళయితే కుడి భుజం మీదుగా. దారం చేయి చాచినంత పొడవే తీసుకోండి, ఎక్కువైతే చిక్కుపడుతుంది. ఒక సూది ఎవరి పేరున ఇచ్చారో వాళ్ళ దగ్గరే ఉండాలి. లేచేముందు సూదులన్నీ లెక్కపెట్టి డబ్బాలో వేయండి. ఒకటి తగ్గితే అది దొరికేదాకా బొంత మడవకండి, పసిపిల్లల్ని ఆ చాప మీదికి రానివ్వకండి.