తల్లిమొక్క ఉన్న తోట

కలకత్తా అలీపూర్‌లో, నేషనల్ లైబ్రరీకి దగ్గర్లో, ఒక పాత తోట ఉంది. అగ్రి హార్టికల్చరల్ సొసైటీ వాళ్ళది. ఈ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ నేను మొక్కలు కొనుక్కున్నది అక్కడే. మొన్న చలికాలం చివర్లో మనవరాల్ని వెంటబెట్టుకు వెళ్ళాను. లోపలికి వెళ్ళగానే పిల్ల కాగితంపూల మొక్క దగ్గర ఆగిపోయింది.

"తాతయ్యా, ఒకే కుండీలో రెండు మొక్కలు పెట్టారేమిటి?"

చూస్తే అలాగే ఉంది మరి. ఒక రెమ్మ నిండా తెలుపు, పక్క రెమ్మకి ముదురు గులాబీ, మధ్యలో ఒక గుత్తి సగం ఇదీ సగం అదీ. మొదలు దగ్గర మట్టి కాస్త తీసి చూడమన్నాను. కాండం ఒక్కటే!

"ముందు ఆ గుత్తిని విప్పి చూడమ్మా. రంగు రేకులు మూడూ పూరేకులు కావు, రంగెక్కిన ఆకులు. ఒక్కోదానికి అతుక్కుని సన్నటి గొట్టం ఉంది చూడు, అదీ అసలు పువ్వు."

ఈ రకం పేరు మేరీ పామర్. ఇది పుట్టింది ఈ సొసైటీ తోటలోనే. ఒక మామూలు మొక్కకి ఉన్నట్టుండి ఒక కొమ్మ వేరే రంగు పూసింది. చిగురు కొసలో కణాలు ఉల్లిపొరల్లా ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఏదో ఒక కణంలో రంగు తయారుచేసే పని తారుమారైతే, దాని సంతతి అంతా ఆ మార్పునే మోస్తుంది. అలా ఒకే కొమ్మలో రెండు రకాల కణాలు కలిసి కాపురం చేస్తాయి. అందుకే రెండు రంగులు.

"అయితే దీని గింజలు కొనుక్కుందాం" అంది పిల్ల.

"గింజలో ఈ పొరల అమరిక రాదమ్మా. గింజ నాటితే బిడ్డ పుడుతుంది. కొమ్మ నాటితే తల్లే ఇంకోచోట కాపురం పెడుతుంది."

అక్కడి మాలీ కొమ్మ కత్తిరించే తీరు చూపించాడు. బెంగాలీలో దాన్ని 'కలమ్' అంటారు. రెండు రంగులూ పూసిన కొమ్మనే ఎంచుకున్నాడు. ఒకే రంగు పూసిన కొమ్మ తీస్తే ఆ ఒక్క రంగే మిగిలిపోవచ్చు. కణుపు కింద ఏటవాలుగా కోసి, పైన రెండాకులు ఉంచి మిగతావి తుంచేశాడు. వేళ్ళు లేని కొమ్మ కావలసినన్ని నీళ్ళు పీల్చుకోలేదు. ఆకులేమో ఆవిరి వదులుతూనే ఉంటాయి. ఖర్చు తగ్గిస్తేనే బతుకుతుంది. కోసిన చోట ముందు గాయం మానినట్టు గడ్డకడుతుంది, ఆ తర్వాత వేళ్ళు పొడుచుకొస్తాయి. వానాకాలంలో గాలే తడిగా ఉంటుంది కనక పని ఇంకా సులువు.

ఈ సొసైటీని 1820లో విలియం కేరీ స్థాపించాడు. మన తెలుగుకి 1814లో ఇంగ్లీషులో వ్యాకరణం రాసి అచ్చువేసిన కేరీయే ఆయన! శ్రీరాంపూర్‌లో ఇంటి చుట్టూ తోట పెంచిన మనిషి. మన సామర్లకోటలో మొక్కలు పెంచి, ఇక్కడి శిబ్‌పూర్ తోటకి వచ్చిన రాక్స్‌బర్గ్ ఆయన స్నేహితుడు. కుంభి చెట్టుకి శాస్త్రీయ నామంలో కేరీ పేరు చేర్చింది ఆ రాక్స్‌బర్గే.

పాత నర్సరీల మీద నాకు ఇంత మమకారం ఎందుకంటే, అక్కడ తల్లిమొక్కలు ఉంటాయి. కుండీలో మొక్క ఎదిగితే ఎలా ఉంటుందో కళ్ళారా చూసి కొనుక్కోవచ్చు. మా పిల్లకి చెప్పిందే మీకూ చెబుతున్నాను. నిండా పూసిన మొక్క చూసి మోజుపడకండి. కొత్త చిగుర్లున్నదాన్ని తీసుకోండి. ఆకుల అడుగున పురుగులున్నాయేమో చూడండి. కుండీ అడుగు కన్నంలోంచి వేళ్ళు చుట్టలు చుట్టుకుని బయటికొస్తే వద్దనండి. ఇంటికి తెచ్చాక వారం రోజులు నీడపట్టున ఉంచి, తర్వాత మెల్లగా ఎండకి అలవాటు చేయండి. నీడలో పుట్టిన ఆకు పల్చన, ఒక్కసారిగా ఎండ తగిలితే మాడుతుంది.

ఈసారి నర్సరీకి వెళ్ళినప్పుడు ధర అడిగే ముందు ఒక్క మాట అడగండి: "దీని తల్లిమొక్క ఎక్కడుంది?" చూపించగలిగిన చోటే కొనండి. వచ్చే వానల్లో మీ మొక్కనుంచి ఒక కొమ్మ కోసి పక్కింటివాళ్ళకి ఇవ్వండి.