సర్వరులో రెయిడ్ కార్డును అమర్చుట

మన పొలముల అడంగళ్లు, పహాణీలు, బ్యాంకులలోని ఖాతాలు పూర్వము దస్తరములలో నుండెడివి. నేడవి సర్వరులను పెద్ద కంప్యూటరులలో నున్నవి. కాగితమునకు చెద పట్టినట్లే సర్వరులోని డిస్కునకును చేటు కలదు. ఎంత మంచి డిస్కైనను ఒకనాడు చెడును. ఏనాడు చెడునో ముందుగా చెప్ప శక్యము కాదు. అట్లు చెడినప్పుడు లెక్కలు పోకుండ కాచుటకు రెయిడ్ కార్డు అను సాధనమును వాడుదురు. దాని నెట్లు అమర్చవలెనో, అమర్చిన పిమ్మట నేమి మరువరాదో నేడు మనవి చేసెదను.

1988వ సంవత్సరమున అమెరికాలో, బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ క్యాట్జ్ అను మువ్వురు ఒక వ్యాసమును ప్రకటించిరి. ఖరీదైన పెద్ద డిస్కు నొకదానిని నమ్ముకొనుటకంటె, చవుకైన చిన్న డిస్కులను పెక్కింటిని జతపరచి, ఒకటి చెడినను తక్కినవి ఆదుకొనునట్లు చేయుట మేలని వారు వాదించిరి. రెయిడ్ అను పేరు ఆ వ్యాసముతోనే ప్రసిద్ధి కెక్కినది.

ఆదుకొనుట యెట్లన: మూడు డిస్కులున్నవనుకొందము. మొదటిదానిలో 7, రెండవదానిలో 5 వ్రాసి, మూడవదానిలో వాని మొత్తము 12 వ్రాసితిమి. రెండవది చెడినచో, 12లోనుండి 7 తీసివేయగా పోయిన 5 మరల దొరకును. యంత్రము చేయునది కూడిక కాదు, సరి బేసి లెక్క, ఐనను సూత్రమిదియే. రెయిడ్ 5 అను పద్ధతి యిట్టిది. రెండు డిస్కులు చెడినను నిలుచునది రెయిడ్ 6. ఒకే లెక్కను రెండు డిస్కులలో నకలుగా వ్రాయుట రెయిడ్ 1. భద్రతకు మూల్యము చెల్లింపవలెను గదా! నాలుగేసి టెరాబైట్ల డిస్కులు నాలుగున్నచో మొత్తము 16 టెరాబైట్లు. అందు రెయిడ్ 5లో 12, రెయిడ్ 6లో 8 మాత్రమే వాడుకకు వచ్చును.

ఇక అమర్చు విధము. ముందుగా సర్వరులోని లెక్కలకన్నిటికి వేరొకచోట నకలు తీసికొనవలెను. డిస్కులను క్రొత్త సమూహముగా నేర్పరచునప్పుడు పాత వ్రాత పోవును. పిదప యంత్రము నాపి, కరెంటు తీగలను ఊడదీయవలెను. సర్వరులకు తరచు రెండు తీగలుండును, రెండింటిని తీయవలెను. మన దేహమున నిలిచిన విద్యుత్తు కార్డును చెరుపగలదు గనుక, మణికట్టునకు ఎర్తు పట్టీ కట్టుకొని, కార్డును అంచులయందే పట్టుకొనవలెను. పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ అను గాడిలో దానిని తిన్నగా నొక్కి, మరతో బిగించి, డిస్కులకు పోవు కేబుళ్లను తగిలింపవలెను.

కార్డు వ్రాతను మొదట తన మెమరీలో నుంచుకొని, పిదప డిస్కులకు చేర్చును. ఆ నడుమ కరెంటు పోయినచో దానిని కాపాడునది కార్డుతో వచ్చు బ్యాటరీ. బ్యాటరీ లేనిచో, ప్రతి వ్రాతయు డిస్కునకు చేరిన తరువాతనే ముగిసినట్లెంచు పద్ధతిని నిర్ణయింపవలెను. వేగము తగ్గును, లెక్క దక్కును.

యంత్రమును మరల నడిపినప్పుడు, ఏ మీట నొక్కిన కార్డు అమరిక తెర వచ్చునో తెరమీదనే కనబడును. అందు డిస్కులన్నియు కనబడుచున్నవో లేదో చూచి, పద్ధతిని ఎంచి, సమూహము నేర్పరచవలెను. ఒక డిస్కును పని యొప్పగింపక బదులుగా నుంచుట మేలు. ఒకటి చెడిన వెంటనే కార్డు దానిని పనిలో పెట్టి, పోయిన వ్రాతను అందు తిరిగి కూర్చును. కార్డే చెడి, అదే వంశపు క్రొత్త కార్డును పెట్టినచో, అది పాత డిస్కులను ఫారిన్ అని చూపవచ్చును. అప్పుడు ఇంపోర్ట్ అన్నచో పాత సమూహము మరల వచ్చును; తొందరపడి క్లియర్ అన్నచో దాని యమరిక చెరిగిపోవును.

రెండు సంగతులు మరువరాదు. ఒక డిస్కు చెడినను సర్వరు ఏమియు జరుగనట్లే నడచును. ఆ మౌనమే యపాయకరము. పెద్ద డిస్కును తిరిగి కూర్చుటకు పెక్కు గంటలు, ఒక్కొక్కప్పుడు దినములు పట్టును. రెయిడ్ 5లో ఈలోగా రెండవది చెడినచో సర్వమును పోవును. రెండవది, ఒకడు పొరపాటున లెక్కను తుడిచివేసిన, కార్డు అన్ని డిస్కులలోను విశ్వాసముగా తుడిచివేయును. అగ్ని, దొంగతనములకును అది యడ్డు కాదు.

కావున మీ సహకార సంఘమువారు సర్వరు కొన్నచో, పెద్దలు రెండు ప్రశ్న లడుగవలెను: డిస్కు చెడిన కబురు ఎవరికి చేరును? లెక్కల నకలు వేరొకచోట నెక్కడ నున్నది? ఈ రెండింటికి సమాధానము దొరకువరకు, కార్డు ఎంత ఖరీదైనదైనను, లెక్కలు భద్రముగా నున్నవని యెంచరాదు.