ఒక్క ల్యాప్‌టాప్‌లోనే తప్పిన పుట్టినరోజు

చాంగీ బిజినెస్ పార్క్‌లో పనిచేసే మనవాళ్లకు ఈ మాట కొత్త కాదు: "నా మెషిన్‌లో బాగానే పనిచేస్తోందే!" ఇరవై ఏళ్లుగా వింటున్నాను, నేనూ లెక్కలేనన్నిసార్లు అన్నాను. గత ఏడాది మా టీమ్‌లో జరిగిన సంగతి తర్వాత మాత్రం ఆ మాట అనడానికి నోరు రావడం లేదు.

కరీంనగర్ అమ్మాయి ఒకతి కొత్తగా చేరింది. ఆఫీసులో అందరిలాగే నన్ను పేరు పెట్టి పిలుస్తుంది. సాయంత్రం ఎక్స్‌పో ఎంఆర్‌టీ వైపు నడవడం మొదలుపెట్టగానే "అన్నా" అంటుంది. మూడు నెలల ప్రొబేషన్. చేరి తొమ్మిది రోజులైనా మా ప్రాజెక్టు ఆమె ల్యాప్‌టాప్‌లో ఒక్కసారి కూడా రన్ కాలేదు. రోజూ ఉదయం మీటింగ్‌లో "ఇంకా సెటప్‌లోనే ఉన్నా" అని చెప్పేది. ఆ గొంతు రోజురోజుకీ తగ్గిపోతుండటం నేను గమనించకపోలేదు. కానీ నా పనుల్లో నేనున్నాను.

పదో రోజు మేనేజర్ నన్ను పక్కకు పిలిచి, "ఈ అమ్మాయికి పని వచ్చంటావా?" అని అడిగాడు. ఇక్కడ ఆ ప్రశ్న ఎంత బరువైనదో మీకు చెప్పక్కర్లేదు. ఉద్యోగం పోతే ఎంప్లాయ్‌మెంట్ పాస్ రద్దు, ఆ తర్వాత ఉండటానికి మామూలుగా దొరికేది 30 రోజులు. ఇంట్లో అప్పు తీరకముందే తిరుగు టికెట్.

ఆ మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చున్నాను. తొమ్మిది రోజుల్లో తను చేసినవన్నీ నోట్‌బుక్‌లో రాసుకుంది. అన్నీ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం మూడుసార్లు. అదీ మా సెటప్ డాక్యుమెంట్‌లో ఉన్నది ఉన్నట్టుగా. చిక్కల్లా ఆ డాక్యుమెంట్‌తోనే. రెండేళ్ల క్రితం రాసింది నేనే. ఆ తర్వాత దాని ముఖం చూసినవాళ్లు లేరు.

అమ్మ ఆవకాయ కొలత చెప్పేటప్పుడు "నాలుగు గ్లాసుల ముక్కలకి ఒక గ్లాసు కారం" అంటుంది. ఏ గ్లాసో చెప్పదు. ఆ ఇంట్లో ఉన్నది ఒకటే గ్లాసు కాబట్టి చెప్పాలని తోచదు. నా డాక్యుమెంట్ సరిగ్గా అలాంటిదే.

మొదటి ఎర్రర్ 'ఇన్‌వాలిడ్ టార్గెట్ రిలీజ్ 17'. అంటే ప్రాజెక్టుకు జావా 17 కావాలి, దొరుకుతున్నది అంతకంటే పాతది. "కానీ వెర్షన్ అడిగితే 17 అనే చూపిస్తోంది" అంది. నిజమే. కమాండ్ లైన్‌లో జావా అని టైప్ చేస్తే కంప్యూటర్ 'పాత్' చూసి వెతుకుతుంది. బిల్డ్ చేసే మావెన్ మాత్రం 'జావా హోమ్' అనే వేరే సెట్టింగ్ చూస్తుంది. అది ఇంకా 11 ఉన్న ఫోల్డర్‌నే చూపిస్తోంది. జావాను కాకుండా మావెన్‌నే వెర్షన్ అడిగితే, తను వాడుతున్న జావా ఏదో అదే చెప్పేసింది. తొమ్మిది రోజుల పని పది నిమిషాల్లో తేలింది. సంతోషించాలో సిగ్గుపడాలో అర్థం కాలేదు.

తర్వాతిది డేటాబేస్ చిరునామా. అది ఉండే 'డాట్ ఈఎన్‌వీ' ఫైల్‌ను, పాస్‌వర్డ్‌లు బయటికి పోకుండా, కావాలనే గిట్‌లో పెట్టం. పాతవాళ్లందరి దగ్గరా ఉంది, కొత్తగా వచ్చినవాళ్లకు అలాంటిది ఒకటుందనే తెలియదు. అడిగితే ఇచ్చేవాళ్లమే. లేదని తెలియనిదాన్ని ఎవరైనా ఎలా అడుగుతారు?

ప్రాజెక్టు లేచింది. కానీ ఒక్క టెస్ట్ పాస్ కాలేదు. నమూనా కస్టమర్ పుట్టినతేదీ 1979 ఆగస్టు 15 రావాలి, ఆమె ల్యాప్‌టాప్‌లో 14 వస్తోంది. మా అందరి దగ్గరా 15 అనే వస్తోంది. "వదిలెయ్, నీ మెషిన్‌లోనే ఏదో తేడా" అనబోయి ఆగాను. అప్పుడు స్క్రీన్ మూల గడియారం కనబడింది. రెండున్నర గంటలు వెనక ఉంది.

"ఇండియా టైమ్ పెట్టుకున్నా అన్నా. అమ్మ అంగన్‌వాడీ నుంచి ఇంటికొచ్చే వేళకు ఫోన్ చేద్దామని" అంది, తప్పు చేసినట్టు.

కారణం అదే. మా కోడ్ పుట్టినతేదీని సింగపూర్ అర్ధరాత్రి సమయంగా దాచి, చదివేటప్పుడు ఆ కంప్యూటర్ ఏ టైమ్‌జోన్‌లో ఉంటే ఆ లెక్కన చూపిస్తోంది. ఇక్కడి 15వ తేదీ అర్ధరాత్రి ఇండియాలో ఇంకా 14వ తేదీ రాత్రే. అయితే రెండున్నర గంటల తేడాకు 9.30 చూపించాలి కదా, ఆమె దగ్గర సరిగ్గా 10 చూపిస్తోంది. ఆ అరగంట ఎక్కడికి పోయింది?

ఇన్నేళ్లు ఇక్కడుండి నేను తెలుసుకోని విషయం ఇది. 1981 చివరి దాకా సింగపూర్ గడియారం గ్రీనిచ్ కంటే ఏడున్నర గంటలే ముందుండేది. సబా, సరవాక్‌లతో ఒకే సమయం పాటించాలని మలేసియా ద్వీపకల్పం అరగంట ముందుకు జరిగితే, సింగపూర్ కూడా జరిగింది. 1981 డిసెంబర్ 31 రాత్రి పదకొండున్నరకే ఇక్కడ కొత్త సంవత్సరం వచ్చేసింది! కంప్యూటర్‌లో ఉండే టైమ్‌జోన్ పట్టికకు ఈ చరిత్ర తెలుసు. మాకే తెలియదు.

నవ్వుకునే విషయమే, ఇంకోటి గుర్తుకు రాకపోతే. మరుసటి నెలలో ఆ సిస్టమ్‌ను క్లౌడ్‌కు మార్చాలి. అక్కడి సర్వర్లు, మనం వేరే చెప్పకపోతే, సాధారణంగా యూటీసీలో నడుస్తాయి. అంటే మా కస్టమర్లందరి పుట్టినరోజులూ ఒక రోజు వెనక్కి పోయేవి. మా ల్యాప్‌టాప్‌లు, మా బిల్డ్ సర్వర్ అన్నీ సింగపూర్ టైమ్‌లో ఉండి ఆ తప్పును రెండేళ్లు దాచిపెట్టాయి. పని రాదేమోనని మేం అనుమానించిన అమ్మాయి ల్యాప్‌టాప్ ఒక్కటే నిజం చెప్పింది.

సెట్టింగులదేముంది అనుకునేవాళ్లు 2023 అక్టోబర్ 14 శనివారాన్ని గుర్తుచేసుకోండి. మన తెలంగాణ ఆడపడుచులకు అది ఎంగిలిపూల బతుకమ్మ రోజు. ఇక్కడ ఓ డేటా సెంటర్‌లో కూలింగ్ వ్యవస్థ అప్‌గ్రేడ్ జరుగుతుండగా, చల్లటి నీటి ట్యాంకుల వాల్వులు మూసుకునేలా పొరపాటున సిగ్నల్ వెళ్లింది. డీబీఎస్, సిటీబ్యాంక్ సేవలు ఆగాయి. ఇలాంటి రోజు కోసమే ఉన్న బ్యాకప్ సెంటర్లు కూడా పూర్తిగా ఆదుకోలేదు. డీబీఎస్ విషయంలో దానికి చెప్పిన కారణం నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ తప్పుగా ఉండటం. పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం దాదాపు 25 లక్షల చెల్లింపులు, ఏటీఎం లావాదేవీలు దెబ్బతిన్నాయి. ఆ ఏడాది వరుస అంతరాయాలు చూసి, అత్యవసరం కాని ఐటీ మార్పులను ఆరు నెలలు ఆపమని మానిటరీ అథారిటీ నవంబర్‌లో డీబీఎస్‌ను ఆదేశించింది.

మా దగ్గర మార్పులు చిన్నవే. పుట్టినతేదీని ఇప్పుడు గంటలూ నిమిషాలూ లేని ఉత్త తేదీగా దాస్తున్నాం. ఏ టూల్ ఏ వెర్షనో ప్రాజెక్టులోనే రాసి ఉంటుంది, తేడా వస్తే బిల్డ్ మొదటి లైన్‌లోనే ఆగి కారణం చెబుతుంది. పాస్‌వర్డ్‌లు లేని నమూనా 'డాట్ ఈఎన్‌వీ' ఫైల్ గిట్‌లో ఉంది. సెటప్ డాక్యుమెంట్‌ను దిద్దే పని కొత్తగా చేరినవాళ్లది, పక్కన కూర్చునే పని పాతవాళ్లది.

మీ ఇంట్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలుంటే ఒక్కటి చెప్పండి. రెండు గంటలు కొట్టుకున్నా ప్రాజెక్టు లేవకపోతే, అన్నీ పీకి మళ్లీ ఇన్‌స్టాల్ చేయొద్దు. పనిచేస్తున్న మెషిన్ పక్కన తమది పెట్టి, వెర్షన్లు, పాత్, టైమ్‌జోన్ ఒక్కొక్కటే పోల్చమనండి. ఒకసారికి ఒకటే మార్చమనండి. మనవాళ్లు అడగడానికి మొహమాటపడతారు, తెలివి తక్కువ అనుకుంటారేమోనని. ఆ అమ్మాయి తొమ్మిది రోజులూ అలాగే గడిపింది.

మేనేజర్‌కు ఆ సాయంత్రమే జవాబిచ్చాను, డాక్యుమెంట్ ఎవరు రాశారో కూడా చెప్పాను. ఆమె ప్రొబేషన్ పూర్తయింది. క్లౌడ్‌కు మారే పనిలో టెస్టింగ్ అంతా తనే చూసుకుంది. ల్యాప్‌టాప్ గడియారం ఇంకా ఇండియా టైమ్‌లోనే ఉంది. మార్చవద్దని నేనే చెప్పాను.