మీకు తెలుసా? ముప్ఫై ఏళ్ళు దాటాక తొలి పువ్వు!

అమెరికా కౌబాయ్ సినిమాల్లో చేతులెత్తి నిలబడ్డట్టు కనిపించే ఎత్తయిన జెముడు మొక్క పేరు సగ్వారో. అరిజోనా, దానికి ఆనుకుని ఉన్న మెక్సికోలోని సొనోరా ఎడారి దీని సొంతూరు. తొలిసారి పూయడానికే దీనికి దాదాపు 35 ఏళ్ళు పడుతుంది. కొమ్మలు రావాలంటే ఇంకా ఆగాలి. తొందరపాటు లేని మొక్క!

ఏప్రిల్ చివరి నుంచి జూన్ వరకు కాండం, కొమ్మల కొసల మీద మైనం పూసినట్టుండే తెల్లటి పూలు గుత్తులుగా వస్తాయి. ఒక్కో పువ్వుకి ఒక్క రోజే ఆయుష్షు. రాత్రి విచ్చుకుని మర్నాడు మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. వాసన మల్లెలా ఉంటుందనుకునేరు, బాగా మగ్గిన కర్బూజాలా ఉంటుంది. మెక్సికో నుంచి వలస వచ్చే పొడుగు ముక్కు గబ్బిలాలు రాత్రిపూట ఆ పూల తేనె కోసం మూతి లోపలికి దూర్చి, తలనిండా పుప్పొడి పూసుకుని మరో మొక్కకి ఎగిరిపోతాయి. తెల్లారాక వంతు పావురాలది, తేనెటీగలది. వేరే మొక్క పుప్పొడి అందితేనే కాయ కడుతుంది. ఎర్రటి ఆ పండ్లను తొహోనో ఊదమ్ ఆదివాసులు పొడవాటి కర్రలతో కోసి పాకం కాస్తారు.

1931 నుంచి సగ్వారో పువ్వు అరిజోనా రాష్ట్ర పుష్పం. ఆ రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వేసవిలో వెళ్ళేవాళ్ళు పొద్దున్నే బయల్దేరి చూడండి, ఆలస్యమైతే ముడుచుకున్న పూలే మిగులుతాయి.