ఫోటో వెనుక పేర్లు రాయండి

తణుకులో పుట్టిన ముత్తాత కాగితాల్లో కృష్ణా జిల్లా అని ఉంటే తప్పనుకోకండి. 1904లో ఈ తాలూకా గోదావరి జిల్లా నుండి కృష్ణాలో కలిసింది. పశ్చిమ గోదావరి ఏర్పడింది 1925లోనే.

అసలు చిక్కు పేర్లతో. బాప్తిస్మమప్పుడు మన పెద్దలు అనేకులు కొత్త పేర్లు పెట్టుకున్నారు. సంఘపు రిజిస్టరులో దానియేలు దొరుకుతాడు; అంతకుముందు ఆయనను వీధిలో ఏమని పిలిచేవారో నాయనమ్మకే తెలుసు. ఆ పాత పేరు చెప్పడానికి ఇళ్లలో ఇంకా జంకుతారు. మత్తయి అయితే వంశావళిలో రాహాబును దాచలేదు.

కాబట్టి ముందు నాయనమ్మ దగ్గర కూర్చోండి. పెళ్లి ఫోటో చేతికిచ్చి, వెనుక వరుసలో ఎవరెవరో, ఆడవాళ్ల పుట్టింటి ఇంటిపేర్లేమిటో అడగండి. ఫోటో వెనుక పెన్సిలుతోనే రాయండి. సిరా ముందువైపుకు దిగుతుంది. మా అమ్మను రేపు అడుగుదాం, ఎల్లుండి అడుగుదాం అనుకుంటూ మేము ఆలస్యం చేశాం. మా ఫోటోలో ఇద్దరు పేరు లేకుండానే నిలబడి ఉన్నారు.