నొక్కే ముందు ఒక్క ప్రశ్న

మాది అమరచింత. జూరాల దాటితే గద్వాల జిల్లా. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని 2018లో ఆ జిల్లా పల్లెల్లో వాట్సాప్ పుకారు పాకింది. జనం భయపడి పిల్లల్ని బయటికి పంపలేదు. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరికీ పంపి, డప్పులతో, పాటలతో అది అబద్ధమని చెప్పించారు. అదే ఏడాది జూలై 1న మహారాష్ట్రలోని రైన్‌పాడలో ఇలాంటి పుకారునే నమ్మి అయిదుగురిని కొట్టి చంపారు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌లను ఒకసారికి అయిదు చాట్లకు పరిమితం చేసింది. దాంతో పుకారు వేగం తగ్గొచ్చు గానీ, అబద్ధం నిజమైపోదు కదా. అందుకే ఫ్రెండ్స్, ఏది నొక్కే ముందైనా ఒక్క ప్రశ్న వేసుకుందాం: ఇది ఎక్కడినుంచి వచ్చింది?

డౌన్‌లోడ్: "పీఎం కిసాన్", "ట్రాఫిక్ చలాన్" పేర్లతో వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ వస్తే ఇన్‌స్టాల్ చేయొద్దు. అలాంటివి ఎస్సెమ్మెస్ పర్మిషన్ అడుగుతాయి. ఇచ్చామా, మన ఓటీపీలు అవతలివాడు చదివేస్తాడు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. లినక్స్ లాంటివి దించుకుంటే అసలు సైట్లో ఇచ్చిన షా-256 విలువతో సరిచూసుకోండి. ఫైల్లో ఒక్క బిట్ మారినా ఆ విలువ పూర్తిగా మారిపోతుంది.

ప్రాజెక్టు: గూగుల్‌లో అన్నిటికంటే పైన ఉన్నది ఒక్కోసారి యాడ్. "స్పాన్సర్డ్" అని ఉందేమో చూడండి. శోధగంగ, నేషనల్ డిజిటల్ లైబ్రరీ, ఎన్‌పీటెల్ ఉచితమే. చాట్‌బాట్ రెఫరెన్స్ ఇస్తే ఆ పేపర్ నిజంగా ఉందో లేదో తెరిచి చూశాకే రిపోర్టులో పెట్టండి.

ఆరోగ్యం: ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన పేపర్ ఒకటి 1998లో లాన్సెట్ జర్నల్లో వచ్చింది. చూసింది 12 మంది పిల్లల్నే. 2010లో లాన్సెట్ దాన్ని వెనక్కి తీసుకుంది, కానీ ఆ మాట ఇంకా తిరుగుతూనే ఉంది. మా అమ్మకు షుగర్. "ఈ కషాయం తాగితే గోలీలు బంద్ చేయొచ్చంట, నిజమేనా బిడ్డా?" అని వీడియో చూపిస్తుంది. చెప్పేది ఎవరు, చివర్లో ఏమన్నా అమ్ముతున్నారా అని ఇద్దరం చూస్తాం. నెట్లో చదివి డాక్టర్‌ని అడగాల్సిన ప్రశ్నలు రాసుకుంటాం. గోలీ మానే మాట మాత్రం డాక్టరే చెప్పాలి.

కంప్యూటర్ చదువుతున్నామని ఇంట్లో అందరూ మననే అడుగుతారు. మనం "నిజమే" అంటే నమ్మేస్తారు. కాబట్టి ఆ మాట అనే ముందు ఒక్క రెండు నిమిషాలు వెతుకుదాం.