బ్రేకు పాడైతే బండి ఎందుకు ఆగింది?

ప్రశ్న: మా బాబాయి అమెరికాలో పాత మోటార్‌హోమ్ ఒకటి కొన్నాడు. మొన్న రోడ్డు మీద వెళ్తుంటే దాని పార్కింగ్ బ్రేకు పాడైందట. బండి ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ వెళ్ళి ఆగిపోయిందట. బ్రేకు పాడైతే బండి ఆగకుండా పోవాలి కదా? ఆగిపోవడమేంటి?

జవాబు: నీ అనుమానం సరైనదే. మనం రోజూ చూసే బ్రేకులు నువ్వన్నట్టే ప్రవర్తిస్తాయి. సైకిలు బ్రేకు తీగ తెగిందంటే ఇక బ్రేకు లేనట్టే. కారు హ్యాండ్‌బ్రేకూ అంతే. డ్రైవరు పక్కనున్న కడ్డీని పైకి లాగితే, దానికి కట్టిన తీగ బిగిసి వెనక చక్రాల బ్రేకులను నొక్కిపెడుతుంది. ఆ తీగ తెగినా, సాగినా బండి వాలు ఎటుంటే అటు జారుతుంది.

ఈ రెండింటిలో ఒక సంగతి గమనించు. బ్రేకు పట్టుకోవాలంటే ఎవరో ఒకరు బలం పెట్టాలి. వదలడానికి ఏ బలమూ అక్కర్లేదు. బలం అందే దారి మధ్యలో తెగిపోతే బ్రేకు ఊరికే ఉండిపోతుంది. అందుకే ఇలాంటి బ్రేకు పాడైతే వదిలేస్తుంది.

ఇప్పుడు దండెం మీద బట్టలకు పెట్టే క్లిప్పును తలుచుకో. అది పట్టుకోవడానికి నీ బలం అవసరం లేదు, లోపలి స్ప్రింగే ఆ పని చేస్తుంది. నీ వేళ్ళ బలం కావలసింది దాన్ని విప్పడానికి. విప్పి పట్టుకున్న వేళ్ళు నొప్పెట్టి వదిలేస్తే క్లిప్పు మళ్ళీ టక్కున మూసుకుంటుంది. మీ బాబాయి బండిలో ఉన్నది ఈ జాతి బ్రేకే. దాన్ని స్ప్రింగ్ బ్రేకు అంటారు. స్ప్రింగు ఎప్పుడూ బిగించాలనే చూస్తుంటుంది. ఏదో ఒక బలం దాన్ని వెనక్కి నొక్కి ఉంచినంతసేపే బండి కదులుతుంది.

ఈ ఏర్పాటు మనకు కొత్తదేమీ కాదు. ఆర్టీసీ బస్సు స్టాండులో ఆగాక డ్రైవరు హ్యాండ్‌బ్రేకు వేస్తే తుస్సుమని గాలి బయటికి పోవడం నువ్వూ వినే ఉంటావు. అప్పటిదాకా స్ప్రింగును వెనక్కి నొక్కి ఉంచింది ఆ గాలే. గాలి పోగానే స్ప్రింగు చాచుకుని బ్రేకు బిగిస్తుంది. రాత్రంతా నిలిపి ఉంచిన బస్సులో గాలి తగ్గిపోయి ఉంటే, తెల్లవారి ఇంజను స్టార్ట్ చేసినా వెంటనే కదలదు. ట్యాంకుల్లో మళ్ళీ గాలి నిండేదాకా డ్రైవరు ఆగాల్సిందే.

పాడైనప్పుడు బ్రేకు పట్టుకోవాలా, వదలాలా అన్న ప్రశ్న రైళ్ళ దగ్గర ఇంకా ముందే వచ్చింది. అమెరికాలో జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో తెచ్చిన మొదటి గాలి బ్రేకులో, బ్రేకు వెయ్యాలంటే గొట్టంలోకి గాలి పంపాలి. గొట్టం పగిలినా, పెట్టెలు విడిపోయినా గాలి అందదు, బ్రేకు పడదు. 1872లో ఆయన దీన్ని తిరగేశాడు. గొట్టంలో గాలి ఒత్తిడి ఉన్నంతసేపు చక్రాలు తిరుగుతాయి, ఒత్తిడి పడిపోతే ప్రతి పెట్టెలోనూ బ్రేకు దానంతటదే పడుతుంది. మన రైల్లో చైను లాగితే బండి ఆగేది కూడా ఇందుకే. చైను లాగినప్పుడు బ్రేకు గొట్టంలోంచి గాలి బయటికి పోతుంది.

ఇక మోటార్‌హోమ్ దగ్గరికి వద్దాం. మంచాలు, వంటగది, స్నానాలగది అన్నీ ఉండే ఇంటిబండి అది. 1980, 90 దశకాల్లో అమెరికాలో తయారైన పెద్ద మోటార్‌హోమ్‌లలో చాలావాటికి అడుగున జనరల్ మోటార్స్ వారి పి30 చాసిస్ (ఇంజను, చక్రాలతో కూడిన ఇనుప చట్రం) ఉండేది. చట్రం ఒకరు చేస్తే దాని మీద ఇల్లు ఇంకొకరు కట్టేవారు. నువ్వు బండి పేరు రాయలేదు కానీ, చెప్పిన లక్షణాలను బట్టి అది ఈ కోవలోదే అనుకుని చెబుతాను. ఇల్లంతా మోసే ఈ బండ్లు ఆరేడు టన్నులు తూగుతాయి. మామూలు తీగ హ్యాండ్‌బ్రేకును మనిషి చేత్తో ఎంత లాగినా అంత బరువును వాలు మీద నిలబెట్టడం కష్టం. అందుకని బరువైన నమూనాలకు ఆటో పార్క్ అనే స్ప్రింగ్ బ్రేకు పెట్టారు. మెకానిక్కులు దాన్ని జె71 అనే కంపెనీ సంకేతంతో పిలుస్తారు.

ఇందులో స్ప్రింగును వెనక్కి నొక్కేది గాలి కాదు, ఆయిల్. తొలి నమూనాల్లో పవర్ స్టీరింగ్ పంపే ఆ ఆయిల్ ఒత్తిడిని కూడా ఇచ్చేది. తర్వాత వచ్చినవాటిలో దీనికోసమే ఒక చిన్న కరెంటు పంపు, ఒక ఆయిల్ డబ్బా పెట్టారు. అందులో పోసేది ఆటోమేటిక్ గేరుబాక్సుల్లో వాడే ఎర్ర ఆయిలే. పంపు ఆయిల్‌ను ఒక సిలిండరులోకి తోస్తుంది, ఆ తోపుకు లోపలి గట్టి స్ప్రింగు వెనక్కి పోతుంది, స్ప్రింగుకు కట్టిన తీగ వదులవుతుంది, బ్రేకు విడుతుంది. డ్రైవరు గేరు కడ్డీని పార్క్‌లో పెట్టినా, డాష్‌బోర్డు మీది బొత్తాన్ని లాగినా ఆయిల్ వెనక్కి డబ్బాలోకి వచ్చేస్తుంది. అప్పుడు స్ప్రింగు తన పని తాను చేస్తుంది.

పంపు ఎప్పుడూ తిరుగుతూ ఉంటే కాలిపోతుంది. అందుకని ఆయిల్ దారిలో ఒక ప్రెషర్ స్విచ్ (ఒత్తిడిని బట్టి కరెంటు ఇచ్చే, ఆపే మీట) ఉంటుంది. ఒత్తిడి తగ్గితే అది పంపును తిప్పుతుంది, చాలినంత పెరిగితే ఆపుతుంది. బొటనవేలంత ఉండే ఆ స్విచ్ పచ్చరంగులో ఉండేది. ఈ బండ్లు నడిపేవాళ్ళు విసుగెత్తి దానికి కుళ్ళిన పచ్చ స్విచ్ అని పేరు పెట్టారు.

ఎందుకంత విసుగు? ఆ స్విచ్‌లో ఒక పక్క గట్టి ఒత్తిడితో ఆయిల్ ఉంటుంది, ఇంకో పక్క కరెంటు మొనలు ఉంటాయి. మధ్యలో ఉన్నది పలుచటి పొర. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పొర చెడిపోయి ఆయిల్ కరెంటు వైపుకు చెమ్మగిల్లుతుంది. స్విచ్‌కు తగిలించిన ప్లగ్గు ఊడదీసి చూస్తే లోపల ఎర్రగా తడి కనిపిస్తుంది. ఆ తర్వాత రెండిట్లో ఏదైనా జరగవచ్చు. కరెంటు మొనలు పనిచెయ్యక పంపు తిరగదు. లేదా తిరుగుతూనే ఉన్నా ఆయిల్ కారిపోయి డబ్బా ఖాళీ అవుతుంది. ఎలాగైనా ఒత్తిడి పడిపోతుంది. ఒత్తిడి పడిపోతే స్ప్రింగు ముందుకొస్తుంది. మీ బాబాయి బండిలో నిజానికి పాడైంది పట్టుకునే భాగం కాదు, పట్టు విప్పి ఉంచే భాగం.

ఇక్కడ నువ్వు ఇంకో ప్రశ్న అడగవచ్చు. ఒక్కసారిగా ఆగకుండా ఈడ్చుకుంటూ ఎందుకు వెళ్ళింది? ఒత్తిడి సాధారణంగా ఒక్క దెబ్బకు పోదు, కొద్దికొద్దిగా తగ్గుతుంది. స్ప్రింగు కూడా కొద్దికొద్దిగానే ముందుకొచ్చి, బ్రేకు లైనర్లు డ్రమ్ముకు రాసుకోవడం మొదలుపెడతాయి. ఇంజను బలమైనది కాబట్టి ఆ రాపిడిని లెక్కచెయ్యకుండా లాగేస్తుంది. బండి కాస్త బరువుగా ఉందనుకుని డ్రైవరు ఇంకొంచెం యాక్సిలరేటరు తొక్కుతాడు. కాసేపటికి కాలిన వాసన వస్తుంది.

ఆ వాసన అంత త్వరగా రావడానికి కారణం ఈ బ్రేకు ఉన్న చోటు. ఇది చక్రాల దగ్గర ఉండదు. గేరుబాక్సు వెనక, ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజను తిప్పును వెనక చక్రాల దాకా చేర్చే పొడవాటి గొట్టం) మొదట్లో ఉంటుంది. ఈ బండ్లలో చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే ఆ షాఫ్ట్ సుమారు నాలుగున్నర చుట్లు తిరగాలి. దీనివల్ల ఒక లాభం ఉంది. షాఫ్ట్‌ను పట్టుకున్న చిన్న డ్రమ్ము చక్రాల దగ్గర నాలుగున్నర రెట్ల పట్టు చూపిస్తుంది. అదే నష్టం కూడా. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో ఇంత పెద్ద చక్రం నిమిషానికి దాదాపు 600 చుట్లు తిరిగితే, షాఫ్ట్ 2,700 చుట్లు తిరుగుతుంది. నిలబడి ఉన్న బండిని పట్టుకోవడానికి చేసిన లైనర్లు అంత వేగంలో రాసుకుంటే మిగలవు. డ్రమ్ము కణకణలాడుతుంది, పక్కనున్న గేరుబాక్సు సీలు వేడికి చెడిపోయి ఆయిల్ కారుతుంది, చుట్టూ పేరుకున్న గ్రీజుకు నిప్పంటుకునే ప్రమాదమూ ఉంది.

కాబట్టి నడుస్తుండగా డాష్‌బోర్డు మీద బ్రేకు ఎర్రదీపం వెలిగినా, బండి ఈడ్చినట్టు అనిపించినా, ఇంకో పది మైళ్ళు లాగించి చూద్దాం అనుకోవద్దని మీ బాబాయికి చెప్పు. కాలి బ్రేకుకు వేరే ఆయిల్, వేరే గొట్టాలు ఉంటాయి, అది పనిచేస్తూనే ఉంటుంది. చదునుగా ఉన్న చోట రోడ్డు దిగి ఆపాలి. మంటలార్పే సిలిండరు చేతికందేలా పెట్టుకుని డ్రమ్ము చల్లారేదాకా ఆగాలి. ఎర్రగా కాలిన ఇనుము మీద నీళ్ళు కొడితే పగులుతుంది, ఆ తొందర వద్దు. తర్వాత ఆయిల్ డబ్బాలో మట్టం చూడాలి, ఫ్యూజు చూడాలి, తాళం తిప్పి బ్రేకు వదిలినప్పుడు పంపు చప్పుడు వస్తుందో లేదో వినాలి. బాగున్న పంపు ఒకటి రెండు క్షణాలు గుర్రుమని ఆగిపోతుంది. అసలు అనకపోతే కరెంటు వైపు తప్పు. మాటిమాటికీ అంటుంటే ఎక్కడో ఆయిల్ కారుతోంది. కొందరు ఆ పంపు తీగకు ఒక చిన్న దీపం కట్టి డ్రైవరు ముందు పెట్టుకుంటారు. ఇంజను మోతలో వినపడని పంపు అప్పుడు కంటికి కనపడుతుంది.

దారిలో వేరే గతి లేకపోతే, స్ప్రింగుకూ బ్రేకుకూ మధ్య ఉన్న తీగను వదులు చేసి బ్రేకును విప్పవచ్చు. ఆ పని తెలిసిన మెకానిక్కే చెయ్యాలి, అదీ చక్రాలకు రెండు వైపులా అడ్డుచెక్కలు పెట్టాకే బండి కిందికి దూరాలి. స్ప్రింగు ఉన్న సిలిండరును మాత్రం ఎవరూ విప్పకూడదు. అంత బలంతో బిగిసి ఉన్న స్ప్రింగు ఎగిరి తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. ఇంకో మాట, తీగ వదులు చేశాక బండికి నిలిచే బ్రేకు లేనట్టే. మామూలు ఆటోమేటిక్ కార్లలో పార్క్‌లో పెడితే గేరుబాక్సులో ఒక కొండీ పడి షాఫ్ట్‌ను ఆపుతుంది. ఆటో పార్క్ ఉన్న ఈ బండ్లలో చాలావాటికి ఆ కొండీ ఉండదు, పార్క్ అంటే ఈ బ్రేకే. కడ్డీ పార్క్‌లో ఉంది కదా అని దిగితే బండి తన దారిన తాను పోతుంది.

స్విచ్ మార్చి కొత్త ఆయిల్ పోయిస్తే పని అయిపోయిందనుకోకూడదు. ఒకసారి ఈడ్చిన బ్రేకులో లైనర్లు కాలి గాజులా నున్నబడి ఉంటాయి. పంపు చక్కగా తిరుగుతుంది, దీపం ఆరిపోతుంది, అంతా బాగున్నట్టే ఉంటుంది. కానీ వాలు మీద ఆపినప్పుడు స్ప్రింగు ఎంత నొక్కినా ఆ నున్నటి లైనర్లు పట్టుకోలేవు. ముందు వదలనన్న బ్రేకు ఇప్పుడు పట్టుకోనంటుంది. అందుకే డ్రమ్ము విప్పించి లైనర్లు చూడాలి, కాలి ఉంటే మార్చాలి, తీగ బిగువు మళ్ళీ సరిచేయించాలి.

చివరిగా, బాగున్న బ్రేకు కూడా మోసం చేసే సందర్భం ఒకటి ఉంది. ఈ బ్రేకు పట్టుకునేది షాఫ్ట్‌ను, చక్రాలను కాదు. షాఫ్ట్‌కూ రెండు వెనక చక్రాలకూ మధ్య డిఫరెన్షియల్ (మలుపుల్లో ఒక పక్క చక్రం రెండోదానికంటే ఎక్కువ తిరగనిచ్చే పళ్ళ చక్రాల పెట్టె) ఉంటుంది. షాఫ్ట్ ఆగి ఉన్నా, ఒక పక్క చక్రం ముందుకు తిరిగితే రెండో పక్కది వెనక్కి తిరగగలదు. రెండు పక్కలా చక్రాలు నేల మీద ఉన్నంతసేపు అలా తిరగడం కుదరదు, కాబట్టి బండి నిలుస్తుంది. పంక్చరు వెయ్యడానికి ఒక పక్క వెనక చక్రాన్ని జాకీతో లేపామనుకో. గాలిలో ఉన్నది స్వేచ్ఛగా తిరుగుతుంది, నేల మీద ఉన్న రెండోదానికీ తిరిగే వీలు దొరుకుతుంది. అంత బండీ జాకీ మీంచి జారిపోతుంది. ఇల్లు చదునుగా నిలబడడానికి ఈ బండ్లకు వాడే జాకీలు వెనక చక్రాలు రెండింటినీ నేల మీంచి లేపేసినా అంతే, అప్పుడు బ్రేకు పట్టుకోవడానికి నేల మీద చక్రమే ఉండదు. లాక్కెళ్ళడం కోసం షాఫ్ట్ ఊడదీసినా అదే పరిస్థితి. అందుకని పార్కింగ్ బ్రేకు ఎంత కొత్తదైనా, నేల మీద ఉండే చక్రాలకు ముందూ వెనకా అడ్డుచెక్కలు పెట్టాకే జాకీ ముట్టుకోవాలి, బండి దింపాక చెక్కలు ఆఖర్న తియ్యాలి.